దశమభాగం బాకీ ఉంటే పరలోకం లేదా? రక్షణపై అపోహలు – వాస్తవాలు

పోయిన నెల మళ్లీ అదే ప్రశ్న. ప్రభుత్వాసుపత్రి ఆడవాళ్ల వార్డులో ఆక్సిజన్ మీద ఉన్న పెద్దామె నా చెయ్యి పట్టుకుంది. "అయ్యగారూ, నాలుగు నెలల దశమభాగం (సంఘానికి ఇచ్చే సంపాదనలో పదోవంతు) బాకీ పడ్డాను. దేవుడు నన్ను రానిస్తాడా?" కొంగు ముడి విప్పి, నలిగిన వంద నోట్లు మూడు నా చేతిలో పెట్టబోయింది. బాకీ ఉన్నవాళ్లకు పరలోకంలో చోటు లేదని ఎవరో వాట్సాప్‌లో ఆడియో పెట్టారట. ఇలాంటివి పంపేవాళ్లు ఒక్కసారి ఆ వార్డుకు వచ్చి ఆమె కళ్లలోకి చూడాలి.

అపోహ: మంచి పనులు సరిపడా ఉంటేనే రక్షణ, అంటే పాపం నుంచి విడుదల, పరలోకంలో చోటు.

వాస్తవం: బైబిల్లో పౌలు రాసిన ఎఫెసీ పత్రిక (లేఖ) 2:8-9 నోటికి రానివాళ్లు మన సంఘాల్లో తక్కువ. "కృపచేతనే", "దేవుని వరమే", "క్రియలవలన కలిగినది కాదు". సండే స్కూల్లో ఇది అప్పజెప్పి బహుమతి తీసుకున్నవాళ్లే మంచాన పడగానే లెక్కలు మొదలుపెడతారు. ఎన్ని ఆదివారాలు మానాను, ఎన్ని ఉపవాసాలు తప్పాను అని ఒకటే టెన్షన్. వరమన్నాక బాకీ ఎక్కడిది? యేసు పక్కన సిలువ మీద ఉన్న దొంగను చూడండి. బాప్తిస్మం లేదు, కానుక లేదు, దోచింది తిరిగిచ్చే టైమ్ లేదు. నన్ను జ్ఞాపకం చేసుకోమన్నాడు, అంతే. "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అన్నాడు ప్రభువు.

లూకా 23 తీసి ఆ మాటే చదివాను. "నేడే అన్నాడా అయ్యగారూ?" "నేడే అన్నాడమ్మా." నోట్లు మళ్లీ ఆమె కొంగులోనే ముడివేశాను, మందులకు పనికొస్తాయి. ఆ రాత్రి చాన్నాళ్లకు కంటినిండా నిద్రపోయిందని కోడలు చెప్పింది.

అపోహ: అయితే నమ్మితే చాలు, ఎలా బతికినా పర్లేదు.

వాస్తవం: ఎఫెసీలో 9 దగ్గర ఆపకండి, 10 కూడా చదవండి. సత్క్రియల కోసమే మనల్ని సృష్టించాడని ఉంది. కూలీల డబ్బు ఎగ్గొట్టి ఆదివారం స్తోత్రం చెప్పేవాళ్లకు యాకోబు 5:4 ఉంది, ఎగ్గొట్టిన ఆ కూలి మొరపెడుతోందని.

అపోహ: క్రియలతో కాదు, విశ్వాసంతోనే అన్న పౌలుకూ, క్రియలు లేని విశ్వాసం మృతమన్న యాకోబుకూ పొసగదు.

వాస్తవం: ఇద్దరూ ఎత్తి చూపింది ఒకే వచనం, ఆదికాండము 15:6. అబ్రాహాము నమ్మాడు, నీతిమంతుడని ఎంచబడ్డాడు. యాకోబు దానికి 22వ అధ్యాయంలో అబ్రాహాము కొడుకు ఇస్సాకును బలివ్వబోయిన సంగతి కలిపాడు. అది ఎన్నో ఏళ్ల తర్వాతి సంగతి. నమ్మకం ముందు, దాని పని తర్వాత. 1522లో ప్రొటెస్టంట్ సంస్కర్త మార్టిన్ లూథర్ యాకోబు పత్రికను గడ్డితో పోల్చాడు. నేను లూథరన్‌నే, అయినా ఆ మాట ఒప్పుకోను.

అపోహ: ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్) వాళ్లు పుణ్యంతో పరలోకం కొనుక్కోవచ్చనుకుంటారు.

వాస్తవం: 1999 అక్టోబర్ 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో కాథలిక్కులు, లూథరన్లు కలిసి ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. దేవుడు మనల్ని అంగీకరించేది మన యోగ్యతను చూసి కాదని, కృపచేతనేనని అందులో ఉంది. 2006లో మెథడిస్టులూ కలిశారు. తేడాలు ఇంకా ఉన్నాయి, కానీ ఈ నింద మాత్రం తప్పు. ఆ రోజు వార్డులో పెద్దామె పక్క మంచం మీద జపమాల పట్టుకున్న ఆర్.సి.ఎం. అమ్మాయి ఉంది. నేను బైబిలు మూస్తుంటే, "ఆ దొంగ మాట ఇంకోసారి చదవండి ఫాదర్" అని అడిగింది. చదివాను.