నర్సుల గోప్యత, భద్రత: వార్డుల్లో పాతుకుపోయిన అపోహలు, తెలియాల్సిన వాస్తవాలు

రోగి వివరాలు బయటికి పొక్కకూడదని నర్సింగ్ చదువు మొదలుపెట్టిన రోజుల నుంచే మనకు నూరిపోస్తారు. నర్సు వివరాలు రోగి చేతికో, అతని వెంట వచ్చిన వారి చేతికో చిక్కకుండా ఎలా చూసుకోవాలో చెప్పేవారు మాత్రం అరుదు. చాలాకాలం వార్డుల్లో పనిచేసి, ఇప్పుడు వార్డుల పర్యవేక్షణ చూస్తున్న నర్సుగా నాకు స్పష్టంగా కనిపిస్తున్న విషయం ఒకటుంది. బెదిరించే రోగుల వల్ల నర్సులకు కలిగే కష్టంలో చాలా భాగం ఎవరూ ఊహించలేనిది కాదు. నర్సు సమాచారం బయటికి పోయే దారులు తెరిచి ఉంచడం, మొదటి బెదిరింపును కాగితం మీద పెట్టకపోవడం అనే రెండు లోపాల నుంచే అది పుడుతుంది. ఆ రెండింటినీ సరిచేయాల్సిన బాధ్యత ప్రధానంగా ఆసుపత్రిదే గాని, ఒంటరిగా నైట్ డ్యూటీ చేసే స్టాఫ్ నర్సుది కాదు.

అపోహ: రోగి ఏదో బాధలో అంటాడు, నర్సు అన్నాక ఓర్చుకోవాలి.

బాధలో నోరు జారడం వేరు, మనిషిని గురిపెట్టి బెదిరించడం వేరు. ఈ తేడాను పసిగట్టడం నర్సింగ్ నైపుణ్యంలో భాగమే. మద్యానికి అలవాటుపడిన రోగి ఆసుపత్రిలో చేరినప్పుడు, తాగుడు ఆగిన రెండు నుంచి నాలుగు రోజుల మధ్య వణుకు, చెమటలు, భ్రమలతో ఎదురుగా ఉన్నవారి మీద తిరగబడవచ్చు. చక్కెర పడిపోయిన మధుమేహ రోగి, ఆక్సిజన్ తగ్గిన ఊపిరితిత్తుల రోగి, తలకు దెబ్బ తగిలినవారు, ఇన్ఫెక్షన్ వల్ల మతి స్థిమితం తప్పిన వృద్ధులు తామేం చేస్తున్నారో తెలియకుండానే తిట్టవచ్చు, చేయి విసరవచ్చు. అటువంటి చోట గ్లూకోమీటర్, పల్స్ ఆక్సిమీటర్ తీసి చూడటం, డ్యూటీ డాక్టరును వెంటనే పిలిపించడం మొదటి పని, ఎందుకంటే అక్కడ ఆ ప్రవర్తనే జబ్బు లక్షణం.

అయితే తన పేరు, ఊరు, తేదీ తడబడకుండా చెబుతూ, ఉదయం రౌండ్స్‌లో పెద్ద డాక్టరు ముందు చేతులు కట్టుకొని నిలబడి, అర్ధరాత్రి దాటాక ఒంటరిగా ఉన్న నర్సును మాత్రమే ఎంచుకొని బెదిరించే వ్యక్తి విషయంలో జబ్బును సాకుగా చూపడం సరికాదు. ఎవరి ముందు ఎలా ఉండాలో అతనికి బాగా తెలుసునని ఆ మార్పే చెబుతుంది.

కారణం ఏదైనా నర్సు తీసుకోవాల్సిన జాగ్రత్త ఒక్కటే, ఆ బెడ్ దగ్గరికి ఒంటరిగా వెళ్లకూడదు. నార్వేలో రూపొందిన బ్రోసెట్ జాబితా అయోమయం, చిరాకు, గోల చేయడం, మాటలతో బెదిరించడం, మీదికి వచ్చినట్టు బెదిరించడం, వస్తువుల మీద విరుచుకుపడటం అనే ఆరు గుర్తులను చూసి, వచ్చే 24 గంటల్లో దాడి జరిగే అవకాశాన్ని అంచనా వేస్తుంది. ఒక్కో గుర్తుకు ఒక మార్కు వేసి, రెండు దాటితే ప్రమాదం ఎక్కువని భావిస్తారు. బీపీ, టెంపరేచర్ రాసుకున్నంత తేలికగా ప్రతి షిఫ్టులో దీన్ని రాసుకోవచ్చు. షిఫ్టు మారేటప్పుడు ఇచ్చే హ్యాండోవర్‌లో "ఆ బెడ్ పేషెంట్‌తో కాస్త జాగ్రత్త" అని చెవిలో చెప్పడం కన్నా అది ఎంతో మేలు.

అపోహ: నా నంబరు ఎవరికి తెలుస్తుంది? నేను ఎవరికీ ఇవ్వలేదు కదా.

నంబరు ఎవరూ కావాలని ఇవ్వరు, అది పనిలో పనిగా చేతులు మారుతుంది. రాత్రివేళ అర్జెంటుగా రక్తం కావాలంటే ల్యాండ్‌లైన్ పనిచేయక, బయట టీ కొట్టు దగ్గరున్న రోగి కొడుకుకు నర్సు తన సొంత ఫోన్ నుంచి కాల్ చేస్తుంది. మందుల షాపులో చిల్లర డబ్బులు లేని అటెండెంట్ (రోగి వెంట ఉండే వ్యక్తి) తరఫున తాను కట్టి, తర్వాత ఫోన్‌పే చేయమంటుంది. "రిపోర్టు వచ్చాక ఒక మిస్డ్ కాల్ ఇవ్వండి సిస్టర్" అని ప్రాధేయపడితే కాదనలేకపోతుంది. ఇవన్నీ మంచి మనసుతో చేసే పనులే. కానీ ఒక్కసారి నంబరు వెళ్లిందంటే డబ్బు పంపే యాప్ పేరు చూపిస్తుంది, వాట్సాప్ ప్రొఫైల్ ఫొటోలో పిల్లలు కనిపిస్తారు, ఆ నంబరు సేవ్ చేసుకున్నవారికి ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ ఖాతాలు "మీకు తెలిసినవారు" అంటూ ఎదురవుతాయి. డిశ్చార్జి అయిన వారానికి "ఎలా ఉన్నారు సిస్టర్" అని వచ్చిన మెసేజ్, జవాబు రాకపోయేసరికి "నైట్ డ్యూటీ అయ్యాక ఏ బస్సు ఎక్కుతావో తెలుసు" అన్న మాటగా మారడానికి ఎక్కువ రోజులు పట్టదు.

దీనికి పరిష్కారం ఖరీదైనది కాదు. ప్రతి వార్డుకు ఆసుపత్రి పేరు మీద ఒక మొబైల్ ఫోన్ ఉండాలి, రోగుల తరఫు వారికి వెళ్లే ప్రతి కాల్, ప్రతి రిపోర్టు ఫొటో దాని నుంచే వెళ్లాలి. రోగి కోసం నర్సు తన జేబులోంచి డబ్బు కట్టే పరిస్థితే రాకూడదు. సొంత ఫోన్‌లో ప్రొఫైల్ ఫొటో కాంటాక్టులకు మాత్రమే కనిపించేలా పెట్టుకోవడం, నంబరు ద్వారా ఖాతాలు వెతికే వీలును సెట్టింగుల్లో ఆపివేయడం, డబ్బు తీసుకునే ఐడీలో ఫోన్ నంబరు లేకుండా మార్చుకోవడం కొద్ది నిమిషాల పని. డ్యూటీ చార్టును పేర్లు, ఫోన్ నంబర్లు, హాస్టల్ గది నంబర్లతో సహా అందరూ నడిచే వరండాలో అంటించే అలవాటును ఇన్‌చార్జులు ఈరోజే మానుకోవాలి. ఆ కాగితం ఉండాల్సింది నర్సుల డ్యూటీ రూం లోపల.

అపోహ: బ్యాడ్జి మీద పూర్తి పేరు, ఇంటిపేరు ఉంటేనే పారదర్శకత.

తనకు వైద్యం చేస్తున్నవారు ఎవరో, వారి హోదా ఏమిటో తెలుసుకునే హక్కు రోగికి ఉంది, రోగుల హక్కుల పత్రం ఆ మాటే చెబుతుంది. ఆ హక్కుకు గౌరవమిస్తూనే బ్యాడ్జి మీద పిలిచే పేరు, హోదా, ఉద్యోగి కోడ్ ఉంచి సరిపెట్టవచ్చు. ఫిర్యాదు చేయాలనుకున్న రోగికి కోడ్ చాలు, మిగతా వివరాలు సూపరింటెండెంట్ కార్యాలయంలో ఉంటాయి. మెడలో వేసుకునే ట్యాగ్ లాగగానే ఊడిపోయే రకం కావాలి, గట్టి తాడైతే గొంతుకు బిగుసుకుంటుంది.

అపోహ: చేయి చేసుకుంటేనే కేసు, మాటలకు కేసు ఉండదు.

ఇది పూర్తిగా తప్పు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో వచ్చిన వైద్య సేవా సిబ్బంది, సంస్థల రక్షణ చట్టం నర్సులకూ, నర్సింగ్ విద్యార్థులకూ వర్తిస్తుంది. హింస అనే మాటకు ఆ చట్టం ఇచ్చిన నిర్వచనంలో గాయపరచడంతోపాటు విధి నిర్వహణలో ఉన్నవారిని భయపెట్టడం, అడ్డుకోవడం కూడా ఉన్నాయి. శిక్ష మూడేళ్ల వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా. నేరం నాన్ బెయిలబుల్. ఆ పైన 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 351వ సెక్షన్ కింద నేరపూరిత బెదిరింపుకు రెండేళ్ల వరకు, చంపుతాననో తీవ్రంగా గాయపరుస్తాననో బెదిరిస్తే ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. ఈ సెక్షన్ మగ నర్సులకూ సమానంగా రక్షణ ఇస్తుంది. వార్డుల్లో మగ నర్సులు "మగాడివి, నువ్వు కూడా భయపడితే ఎలా" అన్న మాటకు జంకి ఫిర్యాదు చేయకుండా ఉండిపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

వద్దన్నా వెంటపడే, మళ్లీ మళ్లీ ఫోన్లు, మెసేజ్‌లు చేసే మగవారికి అదే న్యాయ సంహితలోని 78వ సెక్షన్ వర్తిస్తుంది. మహిళ తన అయిష్టాన్ని స్పష్టంగా తెలిపినా పదేపదే సంప్రదించడం అక్కడ కీలకం కాబట్టి, "నన్ను సంప్రదించవద్దు" అని ఒక్కసారి రాతపూర్వకంగా చెప్పి, ఆ తర్వాత ఏ మెసేజ్‌కూ జవాబివ్వకపోవడం మంచిది. కోపంలో చాట్ అంతా డిలీట్ చేసేవారు చాలామంది ఉన్నారు. నంబరు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి ఇంకొకచోట దాచిన తర్వాతే బ్లాక్ చేయాలి. ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా పరిధితో సంబంధం లేకుండా ఫిర్యాదు తీసుకోవాలని సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతుంది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి.

అపోహ: బెదిరించింది బయటి వ్యక్తి కాబట్టి యాజమాన్యానికి సంబంధం లేదు.

నర్సులను అన్నింటికన్నా ఎక్కువగా నష్టపరిచిన అపోహ ఇదేనని నా అభిప్రాయం. పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లో వచ్చింది. ఆసుపత్రులు, నర్సింగ్ హోంలు పని ప్రదేశాలేనని అందులో పేరు పెట్టి చెప్పారు. 19వ సెక్షన్ ప్రకారం పని ప్రదేశంలో తారసపడే వ్యక్తుల నుంచి కూడా మహిళా ఉద్యోగికి భద్రత కల్పించడం యజమాని విధి. వేధించినవాడు ఉద్యోగి కాకపోయినా, బాధితురాలు కోరితే అతనిపై క్రిమినల్ చర్యలు మొదలయ్యేలా చూడాల్సింది యజమానే. అంటే రోగో, రోగి బావమరిదో లైంగికంగా వేధిస్తే "నువ్వే వెళ్లి స్టేషన్‌లో చెప్పుకో" అనే వీలు సూపరింటెండెంటుకు లేదు. ఈ చట్టం కింద ఏర్పాటయ్యే అంతర్గత కమిటీకి ఫిర్యాదు చేసిన మహిళ పేరు, చిరునామా బయటపెట్టడాన్ని 16వ సెక్షన్ నిషేధిస్తుంది కాబట్టి, పరువు పోతుందన్న భయంతో వెనక్కి తగ్గాల్సిన పని కూడా లేదు.

కోల్‌కతాలోని ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో యువ వైద్యురాలిపై జరిగిన హత్యాచార ఘటన తర్వాత 2024 ఆగస్టు 16న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ కేంద్ర ఆసుపత్రులకు ఒక ఉత్తర్వు ఇచ్చింది. విధుల్లో ఉన్న సిబ్బందిపై హింస జరిగితే ఆరు గంటల్లోగా సంస్థ తరఫున ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించే బాధ్యత సంస్థ అధిపతిదేనని అందులో ఉంది. ప్రతి జిల్లా ఆసుపత్రి, ప్రతి కార్పొరేట్ ఆసుపత్రి దీన్ని తమ నియమంగా రాసుకోవాలని నేను గట్టిగా కోరుతున్నాను. ఫిర్యాదుదారుగా సంస్థ పేరు ముందుంటే, నిందితుడి కోపం ఒక్క నర్సు మీద కేంద్రీకరించే అవకాశం తగ్గుతుంది.

అపోహ: ఫిర్యాదు చేస్తే రోగి గోప్యతకు భంగం, వైద్యం నిరాకరించినట్టు.

రోగి గోప్యతను కాపాడటం మన ధర్మం, దాన్ని వదులుకోమని ఎవరూ చెప్పడం లేదు. పోలీసులకు చెప్పాల్సింది జరిగిన బెదిరింపు, సమయం, చూసినవారి పేర్లు. ఆ రోగికి ఏ జబ్బు ఉందో, రక్త పరీక్షలో ఏం తేలిందో ఫిర్యాదులో రాయనవసరం లేదు. రోగి గొడవ చేస్తుంటే వీడియో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం మాత్రం తప్పే. సాక్ష్యం కావాలంటే సీసీ కెమెరా ఫుటేజీని వెంటనే భద్రపరచమని లిఖితపూర్వకంగా కోరాలి, ఆలస్యమైతే పాతది చెరిగిపోయి దానిపై కొత్తది రికార్డయిపోతుంది.

వైద్యం సంగతికి వస్తే, అత్యవసర చికిత్స ఎవరికైనా అందాల్సిందేనని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ బాధ్యత ఆసుపత్రిది, ఫలానా నర్సే వెళ్లి ఇంజెక్షన్ చేయాలన్న నియమం ఏదీ లేదు. ఇద్దరు కలిసి వెళ్లడం, సెక్యూరిటీ సమక్షంలో మందులివ్వడం, ఆ రోగిని నర్సింగ్ స్టేషన్‌కు ఎదురుగా ఉన్న బెడ్‌కు మార్చడం వంటి వాటి వల్ల వైద్యం ఆగదు, నర్సుకూ రక్షణ ఉంటుంది. రోగిని శిక్షించడానికి మంచానికి కట్టివేయడం మాత్రం ఎన్నడూ చేయరాదు.

రాసే తీరు గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. "రోగి దురుసుగా ప్రవర్తించాడు" అని రాస్తే అది ఎవరికీ ఉపయోగపడదు. "రాత్రి 1.40కి ఐవీ మారుస్తుండగా రోగి నా మణికట్టు పట్టుకొని, డ్యూటీ దిగాక గేటు దగ్గర చూసుకుంటాను అన్నాడు, పక్క బెడ్ అటెండెంట్ విన్నారు" అని అన్న మాటలను అన్నట్టే రాయాలి. అయితే దీన్ని రాయాల్సింది ఇన్సిడెంట్ రిపోర్టులో, అంటే జరిగిన ఘటన గురించి ఆసుపత్రికి విడిగా ఇచ్చే నివేదికలో. కేస్ షీట్‌లో రోగి ప్రవర్తన, స్పృహ స్థితి, తీసుకున్న వైద్య చర్యలు మాత్రమే ఉండాలి, ఎందుకంటే రోగి కోరితే 72 గంటల్లోగా వైద్య రికార్డుల నకళ్లు ఇవ్వాల్సి ఉంటుంది. నర్సు ఫోన్ నంబరు, ఆమె పోలీసులకు ఫిర్యాదు చేసిన సంగతి, మార్చిన డ్యూటీ వేళలు ఆ కాగితాల్లో కనిపిస్తే మనమే వాటిని అతని చేతిలో పెట్టినట్టవుతుంది.

అపోహ: గార్డో, పోలీసో ఉంటే చాలు.

2023 మే 10న కేరళలోని కొట్టారక్కర తాలూకా ఆసుపత్రిలో, కాలి గాయానికి కట్టు కట్టించడానికి పోలీసులే తీసుకొచ్చిన వ్యక్తి అక్కడి కత్తెర అందుకొని యువ వైద్యురాలిని పొడిచి చంపాడు. మనిషి కాపలా అవసరమే, కానీ చేతికందే దూరంలో డ్రెస్సింగ్ ట్రే ఉన్నంతకాలం అది సరిపోదు. కత్తెరలు, ఆర్టరీ ఫోర్సెప్స్ జేబులో పెట్టుకొని తిరగకూడదు, ట్రేను రోగికి ఎదురుగా వదలకూడదు. తలుపుకూ మనకూ మధ్య రోగి గాని, అటెండెంట్ గాని లేకుండా నిలబడటం అలవాటు చేసుకోవాలి.

అపోహ: నర్సు డ్యూటీ మార్చేస్తే సమస్య తీరినట్టే.

ఆమె కోరితే మార్చవచ్చు. కోరకుండా మార్చితే బెదిరించినవాడు వార్డులోనే ఉంటాడు, ఫిర్యాదు చేసిన పాపానికి నర్సు వార్డు వదలాల్సి వస్తుంది. దాన్ని చూసిన మిగతా నర్సులు రేపు నోరు విప్పరు. పైగా ఆమె స్థానంలోకి వచ్చిన కొత్త అమ్మాయికి ఆ బెడ్ గురించి ఏమీ తెలియదు.

డిశ్చార్జితో కథ ముగిసిందని కూడా అనుకోకూడదు. అతని రివ్యూ తేదీ ముందే తెలుస్తుంది కాబట్టి ఆ రోజు ఓపీ ఇన్‌చార్జికి, సెక్యూరిటీకి ముందురోజే సమాచారం అందాలి. ఆసుపత్రి కంప్యూటర్‌లో అతని రికార్డు తెరవగానే "సిబ్బంది ఇద్దరు కలిసి చూడాలి" అన్న హెచ్చరిక కనిపించాలి. "ఆ రోజు నైట్ డ్యూటీ చేసిన సిస్టర్ ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు" అని ఎవరు ఎంత మర్యాదగా అడిగినా, రిసెప్షన్ నుంచి వార్డు బాయ్ వరకు అందరూ ఇవ్వాల్సిన జవాబు ఒకటే: "సిబ్బంది వివరాలు చెప్పము, ఏదైనా ఉంటే సూపరింటెండెంట్ కార్యాలయంలో రాసివ్వండి."