పాత కట్టెల బాయిలర్ కొంటున్నారా? అపోహలు - వాస్తవాలు

"ఒకసారి వచ్చి బాయిలర్ చూసి చెప్పండి" అని నన్ను పిలిచే వాళ్ళలో సగం మంది అప్పటికే బేరం ఖాయం చేసుకుని ఉంటారు. నా నోటి వెంట "బాగుంది" అనే మాట ఒక్కటి వస్తే చాలు వాళ్ళకి. అడ్వాన్సు ఇవ్వకముందే పిలిస్తే ఇద్దరికీ మంచిది. చిన్న కర్మాగారాల్లో కట్టెలతో నడిచే స్మోక్ ట్యూబ్ స్టీమ్ బాయిలర్ల గురించి తరచూ వినే మాటల్లో ఏది ఎంత నిజమో రాస్తున్నాను. వీటిలో పొగ ట్యూబుల లోపల నుంచి పోతుంది, నీళ్ళు ట్యూబుల చుట్టూ ఉంటాయి.

అపోహ: పైకి దిట్టంగా ఉంది, రంగు కూడా కొత్తగా వేశారు.

మీకు పైకి కనిపించేది బాయిలర్ కాదు, దాని మీద కప్పిన రేకు. రేకు కింద ఇన్సులేషన్, దాని కింద అసలు షెల్, అంటే బాయిలర్ ఉక్కు పీపా. ఏ వాల్వ్ దగ్గరో కారిన నీళ్ళు ఇన్సులేషన్‌లో ఇంకి షెల్ అడుగున తుప్పు పట్టిస్తూ ఉంటాయి, రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. కాబట్టి అడుగు భాగంలో రెండు మూడు చోట్లయినా రేకు విప్పించండి. ఒక జాగ్రత్త: బాగా పాత బాయిలర్లలో ఇన్సులేషన్, తలుపుల చుట్టూ ఉండే తాడు ఆస్బెస్టాస్‌వి అయి ఉండొచ్చు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. అనుమానం వస్తే చేత్తో పీకకండి, ముందు పరీక్ష చేయించండి.

అసలు సంగతి నీళ్ళ వైపు ఉంటుంది. చాలామంది మంట వైపు తలుపు తెరిచి, మసి చూసి, తల ఊపి వచ్చేస్తారు. మసి బ్రష్‌తో పోతుంది. మ్యాన్‌హోల్ (లోపలికి దిగే మూత) తెరిచి, టార్చి వేసి, కర్రకు కట్టిన అద్దంతో ట్యూబుల కింది వరసలు చూడండి. ఎర్రటి గోధుమరంగు బొడిపెలు కనిపిస్తే ఒకదాన్ని స్క్రూడ్రైవర్‌తో గీకండి. పైపెంకు ఊడి, లోపల నల్లటి పొడి రాలి, దాని కింద చిన్న గుంట తేలితే అది నీటిలో కరిగిన ఆక్సిజన్ చేసిన పని. దాన్నే పిట్టింగ్ అంటాం. ట్యూబు గోడ కొత్తగా ఉన్నప్పుడు మామూలుగా 3.25 నుంచి 4.06 మిల్లీమీటర్లు. ఆ మందంలో రెండు మిల్లీమీటర్ల గుంట పడితే ఇంక మిగిలేది ఏముంది?

అల్ట్రాసోనిక్ గేజ్‌తో మందం కొలిపించడం తప్పనిసరి. అయితే ఆ గేజ్ ప్రోబ్ పెట్టిన చోట మాత్రమే మందం చెబుతుంది, పక్కనే ఉన్న గుంట దానికి తెలియదు. అమ్మేవాడు ఒప్పుకుంటే కింది వరస నుంచి ఒక ట్యూబు పీకించి, నిలువునా కోయించి చూడండి. ఏ రిపోర్టూ చెప్పనంత చెబుతుంది. స్కేల్ (నీటిలోని లవణాలు గట్టిపడిన పొర) ఎంత మందాన కట్టిందో, ఆ లవణాల్ని ముందే తీసేసే సాఫ్ట్‌నర్ ఉందన్న మాటలో నిజమెంతో అక్కడే తేలిపోతుంది.

అపోహ: ట్యూబులు మార్చేస్తే కొత్త బాయిలరే.

ట్యూబులు అరిగేవే, మార్చుకునేవే. వాటిని పట్టి ఉంచే ట్యూబ్ ప్లేట్ సంగతి అలా కాదు. ట్యూబు మార్చిన ప్రతిసారీ కొనను రోలర్‌తో వెడల్పు చేసి బిగిస్తారు. అలా పదే పదే చేస్తే రంధ్రం సాగుతుంది, రెండు రంధ్రాల మధ్య ఉన్న సన్నటి ఇనుము అలసిపోతుంది. మొదటి పగుళ్ళు అక్కడే వస్తాయి, మామూలు కంటికి ఆనవు. ఎర్ర డై పూసి, తుడిచి, తెల్లటి డెవలపర్ కొడితే తెల్లటి పూత మీద వెంట్రుకంత ఎర్ర గీత తేలుతుంది. ట్యూబు కొనల చుట్టూ తెల్లటి ఉప్పు చారలున్నా అక్కడ నీళ్ళు ఊరుతున్నట్టే లెక్క.

కట్టెలు మండే గది, అంటే ఫర్నేస్ పైభాగాన తిన్నటి ఉక్కు కొలబద్ద ఆనించి చూడండి. ఎక్కడైనా కిందికి ఉబ్బి ఉంటే, ఒకప్పుడు నీళ్ళు తగ్గి అయినా, స్కేల్ పేరుకుని అయినా ఆ చోట ఉక్కు ఎర్రగా కాలి మెత్తబడిందన్నమాట. నా మట్టుకు నేను ఆ ఉబ్బు చూశాక మిగతావి చూడటం ఆపేస్తాను.

ట్యూబులన్నీ పోయినా షెల్, ఫర్నేస్, ట్యూబ్ ప్లేట్ బాగుంటే ఆ బాయిలర్‌ని కొనమనే చెబుతాను. ట్యూబులన్నీ కొత్తవే అయినా ప్లేట్ పగిలితే అది తూకానికి కొనాల్సిన ఇనుము.

అపోహ: రెండేళ్ళుగా ఆపేసి ఉంది కాబట్టి అరగలేదు.

నేను ఎక్కువగా భయపడేది ఇలాంటి వాటికే. నడుస్తున్న బాయిలర్‌లో నీళ్ళకు రోజూ ఎవరో ఒకరు మందు వేస్తుంటారు. ఆపేసిన బాయిలర్‌లో సగం నీళ్ళు, సగం గాలి మిగిలిపోతే తుప్పుకి అంతకంటే అనువైన చోటు ఉండదు. మంట వైపు మిగిలిన కట్టెల బూడిదా చెమ్మ పీల్చుకుని ఇనుముని తింటుంది. పద్ధతిగా ఆపడానికి రెండు దారులున్నాయి. పూర్తిగా ఆరబెట్టి, లోపల చెమ్మ పీల్చే తడపని కాల్చిన సున్నమో సిలికా జెలో పెట్టి మూసేయడం ఒకటి. ఆక్సిజన్‌ని పీల్చేసే సోడియం సల్ఫైట్ వంటి మందు కలిపి, గాలికి చోటు లేకుండా పూర్తిగా నీళ్ళు నింపి ఉంచడం రెండోది. "ఆపినప్పుడు ఏం చేశారు?" అని అడగండి. "ఏముంది, మంట ఆపేశాం" అన్నారంటే మీకు సమాధానం దొరికినట్టే.

అపోహ: హైడ్రో టెస్ట్ పాసైంది, ఇంకేం భయం?

నీళ్ళు నింపి, మామూలుగా పని ఒత్తిడి కంటే ఎక్కువ ఒత్తిడి పెట్టి చూసే పరీక్ష ఇది. ఆ రోజు, ఆ చల్లటి నీళ్ళతో కారలేదని చెబుతుంది. ఇంకెన్నాళ్ళు ఆగుతుందో చెప్పదు. (గాలితో ఒత్తిడి పెట్టి చూస్తామని ఎవరైనా అంటే ఆ ఆవరణలో నిలబడకండి. నొక్కుకుపోయిన గాలి పేలుతుంది.)

అమెరికాలో బ్రాక్టన్ ఊళ్ళోని గ్రోవర్ చెప్పుల ఫ్యాక్టరీలో 1905 మార్చి 20న బాయిలర్ పేలి 58 మంది చనిపోయారు. పెద్ద బాయిలర్‌ని మరమ్మతుకి ఆపి, అదనంగా ఉంచుకున్న పాతదాన్ని వెలిగించిన రోజది. ఒకదాని మీద ఒకటి ఎక్కించి రివెట్లు కొట్టిన రెండు రేకుల మధ్య, బయటకు కనపడని చోట పగులు పెరిగింది. ఆ తర్వాతే మసాచుసెట్స్‌లో, దాని వెనక దేశమంతటా బాయిలర్ తయారీకి గట్టి నియమాలు వచ్చాయి. ఇప్పటి షెల్‌లకు వెల్డింగే కాబట్టి ఆ రకం అతుకు మీకు తగలదు. కానీ కంటికి అందని పగులు ఇప్పటికీ ఉంటుంది. పాత మరమ్మతు అతుకుల మీద, వెల్డింగుల మీద ప్రత్యేకంగా పరీక్ష చేయించమనేది అందుకే.

కాగితాల విషయంలోనూ ఇంతే. సర్టిఫికెట్‌లో ఉన్న నంబరు షెల్ మీద కొట్టిన నంబరుతో కలవాలి. డ్రాయింగులు, మరమ్మతుల రికార్డు అడగండి. మీ చోటికి తెచ్చి నడపడానికి అనుమతి వస్తుందా, ఎంత ఒత్తిడికి వస్తుంది అన్నది డబ్బులు కట్టకముందే బాయిలర్ ఇన్‌స్పెక్టర్ దగ్గర కనుక్కోండి. ఇనుము పల్చబడితే ఒత్తిడి తగ్గించి అనుమతిస్తారు. 10 కేజీల (చదరపు సెంటీమీటరుకు) ఒత్తిడి దగ్గర ఆవిరి సుమారు 183 డిగ్రీలు, 7 కేజీలకు దిగితే 170. మీ పనికి 180 కావాలంటే ఆ బాయిలర్ ఎంత చవకైనా మీకు పనికిరాదు.

అపోహ: ఒక టన్ను బాయిలర్ గంటకు టన్ను ఆవిరి ఇస్తుంది.

నేమ్‌ప్లేట్ మీద టన్ను అంటే 100 డిగ్రీల నీళ్ళు పోసి, 100 డిగ్రీల ఆవిరి తీస్తే వచ్చే లెక్క. మీరు పోసేది 30 డిగ్రీల నీళ్ళు, తీసేది 10 కేజీల ఆవిరి. అప్పుడు చేతికొచ్చేది దాదాపు 850 కిలోలే. అదీ బాయిలర్ కొత్తగా ఉన్నప్పటి మాట.

అయితే పెద్దది కొనేద్దాం అనుకోవడమూ తప్పే. గ్యాస్ బర్నర్‌ని తగ్గించినంత తేలిగ్గా కట్టెల మంటని తగ్గించలేం. గాలి బిగిస్తే కట్టె సరిగ్గా మండక పొగలు కక్కుతుంది, తారు ట్యూబుల్లో, చిమ్నీలో అంటుకుంటుంది.

అపోహ: ఏ కట్టెలైనా వేసుకోవచ్చు.

అన్నీ మండుతాయి. ఎంత వేయాలన్నదే తేడా. బాయిలర్ సామర్థ్యం 65 శాతం అనుకుంటే, నేమ్‌ప్లేట్ లెక్కన టన్ను ఆవిరికి 20 శాతం తేమ ఉన్న కట్టెలు సుమారు 245 కిలోలు కావాలి. సగం బరువు నీళ్ళే ఉన్న పచ్చి కట్టెలైతే 440 కిలోల దాకా పడతాయి. నిజానికి ఇంకా ఎక్కువే, ఎందుకంటే పచ్చి కట్టెలతో సామర్థ్యమూ పడిపోతుంది.

బొగ్గు కోసం తయారైన బాయిలర్‌ని కట్టెలకు మార్చి అమ్మేవాళ్ళూ ఉంటారు. కట్టెలో ఎక్కువ భాగం వాయువుగా మారి పైన మండుతుంది. దానికి ఫర్నేస్‌లో జాగా కావాలి, మంట పైనుంచి గాలి అందాలి. ఆ రెండూ లేకపోతే డబ్బు చిమ్నీలోంచి పోతున్నట్టే. నడుస్తున్న బాయిలర్ దొరికితే పొగ ఉష్ణోగ్రత కొలవండి. అది ప్రతి 22 డిగ్రీలు పెరిగితే సుమారు ఒక శాతం సామర్థ్యం తగ్గుతుంది.

సేఫ్టీ వాల్వ్, నీటి మట్టం చూపే గేజ్ గ్లాస్, నీటి మట్టం కంట్రోలర్, నీళ్ళు పంపే ఫీడ్ పంపు ఎలాగూ కొత్తవి వేసుకోవాల్సినవే అనుకుని లెక్క వేసుకోండి. ఫైర్ బ్రిక్స్ దింపేటప్పుడే సగం విరుగుతాయి. క్రేన్, పునాది, చిమ్నీ ఖర్చులు అమ్మేవాడి ధరలో ఉండవు.

అపోహ: మ్యాన్‌హోల్ తెరిస్తే గ్యాస్కెట్ పాడవుతుంది.

ఇది నిజమే, మూత సందు మూసే ఆ పట్టీ పాడవుతుంది. కొత్త గ్యాస్కెట్ ఖర్చు మీరే పెట్టుకుంటానని చెప్పండి. అప్పుడూ తెరవనంటే, టీ తాగి వచ్చేయండి.