పంపింగ్ 60 శాతం ఉంది, మరి ఆయాసమెందుకు?

మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి పాదాల మీద చెప్పు పట్టీ అచ్చు, రెండు దిండ్లు లేనిదే పడుకోలేకపోవడం. ఎకోలో (గుండె స్కాన్‌లో) 'ఈఎఫ్ 60 శాతం' అని రాగానే 'పంపింగ్ బాగుంది, గ్యాసే' అని ఇంట్లో తేల్చేస్తారు. అదీ కాదంటే విశాఖ ఉక్కపోత ఉండనే ఉంది!

అపోహ: ఈఎఫ్ బాగుంటే హార్ట్ ఫెయిల్యూర్ (గుండె ఒంటికి సరిపడా పనిచేయలేకపోవడం) లేనట్టే.

వాస్తవం: నిండిన రక్తంలో ఎన్నో వంతు బయటికెళ్లిందో ఈఎఫ్ చెబుతుంది, అంతే. 100 మి.లీ. నిండి 60 పంపినా, బిరుసెక్కిన గుండె 80 మాత్రమే నిండి 48 పంపినా లెక్క 60 శాతమే. గోడ సాగక పీడనం వెనక్కి, ఊపిరితిత్తుల్లోకి తంతుంది. ఆయాసం అక్కడిది.

కాబట్టి రిపోర్టు చివరి వాక్యం దగ్గర ఆగొద్దు. ఈ బై ఈ-ప్రైమ్ (గుండెలో పీడనం అంచనా) సగటు 14, ఎడమ కర్ణిక (గుండె ఎడమవైపు పై గది) వాల్యూమ్ ఇండెక్స్ (ఒంటి సైజుతో పోల్చిన పరిమాణం) 34, టీఆర్ వెలాసిటీ (కుడివైపు కవాటం నుంచి వెనక్కి కారే రక్తం వేగం) 2.8 దాటాయా చూడాలి. ఆ అంకెలే వేయకపోతే అది సగం ఎకో.

అవి బాగున్నా మెలిక ఉంది. ఎకో తీసేది పడుకోబెట్టి, ఆయాసం వచ్చేది సింహాచలం మెట్ల మీద. పొద్దున్నే నీటి మాత్ర వేసుకుని వస్తే పీడనం ఇంకా తగ్గి కనబడొచ్చు (మాత్ర మానొద్దు, వేసుకున్న సంగతి చెప్పండి). అనుమానం తీరకపోతే సైకిల్ తొక్కిస్తూ ఎకో. అప్పటికీ తేలకపోతే కేథెటర్ (గుండెలోకి సన్నని గొట్టం పంపే పరీక్ష): వెడ్జ్ ప్రెజర్ (గుండె ఎడమవైపు పీడనం) విశ్రాంతిలో 15, వ్యాయామంలో 25 మి.మీ. తాకితే రోగం ఖాయం.

అపోహ: ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ (గుండె మీద ఒత్తిడి చెప్పే రక్తపరీక్ష) 125 లోపుంటే నిశ్చింత.

వాస్తవం: ఊబకాయుల్లో అది తక్కువే చూపిస్తుంది. కిడ్నీ జబ్బులో, ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో (గుండె లయ తప్పి కొట్టుకోవడం) ఎక్కువ చూపిస్తుంది. 60 దాటిన వయసు, బీఎంఐ 30 పైన, రెండు బీపీ మందులు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కలిసొస్తే రక్తపరీక్ష ఏమన్నా అనుమానం వదలకూడదు. రక్తహీనత, ఊపిరితిత్తుల జబ్బు కూడా ఇలాగే ఆయాసం తెస్తాయి, వాటినీ చూడాలి.

ఎకోలో 'గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్' (గుండె సడలి నిండడంలో తొలి మెట్టు లోపం) చూసి నిద్ర మానేసినవాళ్లకు: 60 దాటాక అది మామూలే. లక్షణాల్లేకుండా అదొక్కటే ఫెయిల్యూర్ కాదు.

ఈఎఫ్ బాగున్న హార్ట్ ఫెయిల్యూర్‌కు మందుల్లేవన్నది పాత మాట. ఎంపాగ్లిఫ్లోజిన్ 2021లో, డాపాగ్లిఫ్లోజిన్ 2022లో, షుగర్ లేనివాళ్లలోనూ, ఆసుపత్రి పాలవడాన్ని తగ్గించాయి.

గోడలు మందంగా ఉండి ఈసీజీ గీతలు చిన్నగా ఉంటే, పైగా రెండు చేతులకూ కార్పల్ టనెల్ (మణికట్టులో నరం నొక్కుకుని తిమ్మిరి) ఉంటే, అమైలాయిడ్ (గుండె గోడల్లో ఒక ప్రోటీన్ పేరుకునే జబ్బు) సంగతి అడగండి. దాని వైద్యం వేరు.

ఎకోకి వెళ్లేటప్పుడు ఎత్తు, బరువు రాసుకెళ్లండి. అవి లేకుండా కర్ణిక ఇండెక్స్ కట్టలేరు.