ఎముక పెరిగితే బలపడినట్టేనా? పెప్టైడ్ పరిశోధనలో అపోహలు – వాస్తవాలు

అనంతపురం, కర్నూలు, కడప కాలేజీల్లో బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ చదివి ఎముక జబ్బుల మీద, ముఖ్యంగా ఎముకను బలపరిచే పెప్టైడ్‌ల (అమైనో ఆమ్లాల చిన్న గొలుసుల) మీద పరిశోధనకు దిగేవాళ్ల కోసం ఇది రాస్తున్నాం. ఇక్కడ చెప్పే పొరపాట్లలో చాలావాటికి మూలం ఒకటే: ఖనిజం చేరితే చాలు, ఎముక గట్టిపడినట్టేనన్న నమ్మకం.

అపోహ: సాంద్రత పెరిగితే ఎముక విరగదు.

ఇది తప్పని మన బోరు నీళ్లే చెబుతాయి. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్ల వెన్నెముక ఎక్స్‌రేలో మామూలుకన్నా తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది. మనిషికి మాత్రం నడుము వంగదు, మెడ తిరగదు. ఫ్లోరైడ్ ఎముకను కట్టే ఆస్టియోబ్లాస్ట్ కణాలను రెచ్చగొడుతుంది, ఖనిజంలో హైడ్రాక్సిల్ ఉండాల్సిన చోట తాను చేరుతుంది, కీళ్లను పట్టి ఉంచే లిగమెంట్లలో కూడా ఖనిజం పేరుకునేలా చేస్తుంది.

దీన్ని మందుగా కూడా వాడి చూశారు. 1990లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు ప్రచురించిన ట్రయల్‌లో, ముట్లు ఆగిన 202 మంది మహిళల్లో కొందరికి నాలుగేళ్లపాటు రోజుకు 75 మి.గ్రా. సోడియం ఫ్లోరైడ్ ఇచ్చారు. నడుము ఎముక సాంద్రత 35% పెరిగింది. వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, మిగతా ఎముకలు విరగడం ఎక్కువైంది. ఎముక మీద పనిచేయాలనుకునే ప్రతి విద్యార్థీ మొదట చదవాల్సింది ఈ ఫలితాన్నే.

మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై గాఢత ఇంకా పెరుగుతుంది. ల్యాబ్‌లోనూ ఇదే జాగ్రత్త కావాలి: మొక్కల సారం తీయడానికి బోరు నీళ్లు వాడి, తర్వాత ఎండబెట్టి పొడి చేస్తే ఫ్లోరైడ్ కూడా ఆ పొడిలోనే చిక్కబడుతుంది. డిస్టిల్డ్ వాటర్ తప్ప మరొకటి వాడొద్దు.

అపోహ: వెల్ (కణాలు పెంచే ప్లేటులోని గుంట) ఎర్రబడితే పెప్టైడ్ పనిచేసినట్టే.

ఆస్టియోబ్లాస్టులుగా మారే ఎంసీ3టీ3-ఈ1 ఎలుక కణాలకు మిల్లీలీటరుకు 50 మై.గ్రా. ఆస్కార్బిక్ ఆసిడ్, 10 మిల్లీమోలార్ బీటా గ్లిసరోఫాస్ఫేట్ ఇచ్చి, రెండు మూడు రోజులకోసారి మీడియం మార్చుతూ 21 రోజులు పెంచుతారు. తర్వాత పీహెచ్ 4.1–4.3 మధ్య ఉన్న అలిజరిన్ రెడ్ వేస్తారు. ఈ రంగు కాల్షియాన్ని పట్టుకుంటుంది, అంతే. ఆ కాల్షియం కొల్లాజెన్ మీద క్రమంగా పేరుకుందా, మీడియంలో ఊరికే గడ్డకట్టిందా అన్నది దానికి తెలియదు. గ్లిసరోఫాస్ఫేట్ ఎక్కువైతే కణాల్లోని ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎంజైమ్ దాన్ని విడగొట్టి ఫాస్ఫేట్‌ను అమాంతం పెంచుతుంది, అప్పుడు కాల్షియం ఫాస్ఫేట్ దానంతటదే దిగుతుంది. చచ్చిన కణాల మీద కూడా పేరుకుంటుంది.

అందుకే కణాలు లేని వెల్‌లో అదే మీడియం, అదే పెప్టైడ్ పోసి 21 రోజులు పక్కనే ఉంచాలి. అది కూడా ఎర్రబడితే ప్రయోగం చెల్లదు. ఏడో రోజున ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, కొల్లాజెన్‌కు పిక్రోసిరియస్ రెడ్ రంగు, చివర్లో ముదిరిన ఆస్టియోబ్లాస్టుల గుర్తు అయిన ఆస్టియోకాల్సిన్ జీన్ చూడాలి. ఇంకో సంగతి: మామూలు ఆల్ఫా మెమ్ అనే మీడియంలో ఆస్కార్బిక్ ఆసిడ్ ముందే ఉంటుంది. కణాలను ఊరికే పెంచేటప్పుడు అది లేని రకం కొనాలి, లేకపోతే ప్రయోగానికి ముందే ఫ్లాస్కులో అవి ఎముక కణాలుగా మారడం మొదలవుతుంది.

అపోహ: ఎముకను తినే ఆస్టియోక్లాస్టులను పూర్తిగా ఆపేస్తే మంచిదే.

పాత ఎముక పోకపోతే కొత్తది సరిగా రాదు. పుట్టుకతో ఆస్టియోక్లాస్టులు పనిచేయని ఆస్టియోపెట్రోసిస్‌లో ఎముక చాలా దట్టంగా ఉంటుంది, అయినా సులువుగా విరుగుతుంది.

అపోహ: పెప్టైడ్ ఎంత ఎక్కువసేపు ఉంటే అంత మేలు.

ఎముక గుల్లబారినవాళ్లకిచ్చే మందు టెరిపారటైడ్ అంటే 84 అమైనో ఆమ్లాల పారాథైరాయిడ్ హార్మోన్‌లోని మొదటి 34. రోజుకోసారి 20 మై.గ్రా. చర్మం కింద ఇస్తే రక్తంలో కాసేపు పెరిగి తగ్గుతుంది, ఎముక కడుతుంది. అదే హార్మోన్ రోజంతా ఎక్కువగా ఉంటే ఆస్టియోక్లాస్టులను తయారుచేయించే ర్యాంక్‌ఎల్ ప్రోటీన్ పెరిగి ఎముక కరుగుతుంది. కాబట్టి కల్చర్‌లో కూడా నిరంతరంగా ఒక ప్లేటు, ప్రతి 48 గంటల్లో మొదటి 6 గంటలే ఉంచి కడిగేసే ప్లేటు ఒకటి, రెండూ పెట్టాలి.

అపోహ: 95% శుద్ధత అంటే ఒక మి.గ్రా.లో 0.95 మి.గ్రా. పెప్టైడ్.

హెచ్‌పీఎల్‌సీ (పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతి) ఇచ్చే శుద్ధత పెప్టైడ్‌లలో ఇతర పెప్టైడ్‌ల కల్తీ ఎంతో చెబుతుంది. తేమ, లవణం లెక్కలోకి రావు. అసలు పెప్టైడ్ తరచు 60–80% మధ్యే ఉంటుంది, ఆ అంకె అడిగి తీసుకోవాలి. ఆ లవణం ట్రైఫ్లోరో అసిటేట్ అయితే, చాలా తక్కువ గాఢతలో కూడా ఆస్టియోబ్లాస్టుల పెరుగుదలను తగ్గిస్తుంది. ఎసిటేట్ లవణం కోరండి. అమైనో ఆమ్లాల వరుస తారుమారు చేసిన కంట్రోల్ పెప్టైడ్ కూడా అదే లవణంలో ఉండాలి. ఫ్రీజర్ నుంచి తీసిన సీసా గది వేడికి వచ్చాకే మూత తీయాలి. లేదంటే తేమ లోపల పట్టి తూకం తప్పుతుంది. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రీజర్‌లో దాచొద్దు, మంచు కరిగించడానికి అది మధ్యమధ్యలో వేడెక్కుతుంది.

అపోహ: వేరుశనగ చెక్క నుంచి తీసింది సహజం, కాబట్టి సురక్షితం.

అనంతపురం చుట్టుపక్కల చెక్కకు కొదవలేదు, ఆలోచన మంచిదే. నూనె తీసేసిన పొడిని ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైమ్ ఆల్కలేజ్‌తో పీహెచ్ 8, 55 డిగ్రీల దగ్గర ఉంచుతూ, పీహెచ్ పడిపోకుండా సోడియం హైడ్రాక్సైడ్ చుక్కచుక్కగా వేస్తారు. 95 డిగ్రీల దగ్గర 10 నిమిషాలతో ఎంజైమ్ ఆగుతుంది. తర్వాత 3 కిలోడాల్టన్లకన్నా చిన్న అణువులను మాత్రమే వదిలే మెంబ్రేన్‌తో వడకడతారు. బూజు పట్టిన కాయల్లోని అఫ్లాటాక్సిన్ బీ1 బరువు సుమారు 312 డాల్టన్లు, మెంబ్రేన్ గుండా పెప్టైడ్‌లతోపాటే దిగుతుంది. వేసిన సోడియం కూడా దిగుతుంది. అఫ్లాటాక్సిన్ పరీక్ష చేయించకుండా, లవణం తీసేయకుండా కణాల మీద పోయొద్దు.

ఇంతకన్నా మోసం చేసేది ఎండోటాక్సిన్, అంటే కొన్ని బ్యాక్టీరియాల పైపొరలోని విషం. ఆస్టియోక్లాస్టులుగా మారే రా264.7 ఎలుక కణాలకు ర్యాంక్‌ఎల్ ఇవ్వకముందే అది తగిలితే ఆస్టియోక్లాస్టులు తగ్గుతాయి, ఇచ్చాక తగిలితే పెరుగుతాయి. అంటే కావలసిన ఫలితం రెండు వైపులా దొంగగా రావచ్చు. 0.22 మైక్రాన్ ఫిల్టర్ దాన్ని ఆపదు, ఆటోక్లేవ్ పూర్తిగా చంపదు. గాజు సామాను 250 డిగ్రీల పొడి వేడిలో అరగంట ఉంచాలి, పెప్టైడ్‌కు ఎండోటాక్సిన్‌ను పట్టిచ్చే ఎల్ఏఎల్ పరీక్ష చేయాలి, ఒక వెల్‌లో ఎండోటాక్సిన్‌ను పట్టి నిర్వీర్యం చేసే పాలిమిక్సిన్ బీ కలిపి చూడాలి. అక్కడ ప్రభావం మాయమైతే పనిచేసింది పెప్టైడ్ కాదు, ఎండోటాక్సిన్ అని అనుమానించాలి.