పీఎస్ వీఆర్ 2ను పీసీకి కలపడం: అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో గేమింగ్ పీసీలు అసెంబుల్ చేయడం నా పని. సోనీ తన పీఎస్5 గేమ్ కన్సోల్ కోసం చేసిన, కళ్లకు తగిలించుకుని ఆడే ప్లేస్టేషన్ వీఆర్ 2 (పీఎస్ వీఆర్ 2) హెడ్‌సెట్‌ను పీసీకి ఎలా కలపాలని నిట్ పిల్లల నుంచి కరీంనగర్, మంచిర్యాల వాళ్ల దాకా అడుగుతుంటారు. చాలామంది డబ్బు పెట్టేశాకే వస్తారు. పెట్టకముందే ఈ సంగతులు తెలియాలని రాస్తున్నాను.

అపోహ: "దాని వైరు టైప్-సీయే కదన్నా, ల్యాప్‌టాప్‌కు పెడితే నడుస్తది."

నడవదు. ఆ ఒక్క వైరులోనే బొమ్మ, కెమెరాల డేటా, కరెంటు మూడూ వెళ్లాలి. మామూలు టైప్-సీ పోర్ట్ ఈ మూడింటినీ ఈ హెడ్‌సెట్‌కు కావాల్సిన తీరులో ఇవ్వదు. ఒకే టైప్-సీ వైరుతో వీఆర్ నడపాలని 2018లో ఎన్విడియా, ఏఎండీ, వాల్వ్, ఆక్యులస్, మైక్రోసాఫ్ట్ కలిసి వర్చువల్‌లింక్ అనే పద్ధతి ప్రకటించాయి. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 20 సిరీస్ గ్రాఫిక్స్ కార్డుల్లో కొన్నింటికి ఆ పోర్ట్ వచ్చింది కూడా. కొద్ది కాలానికే అది మూలపడింది. చివరికి 2024 ఆగస్టులో సోనీయే పీసీ అడాప్టర్ తెచ్చింది, ధర దాదాపు 60 డాలర్లు. హెడ్‌సెట్ వైరు దానికి పెట్టాలి. దాని నుంచి పీసీకి ఒక యూఎస్‌బీ వైరు, బొమ్మ కోసం ఒక డిస్‌ప్లేపోర్ట్ వైరు వెళ్తాయి. కరెంటు ప్లగ్గు వేరే.

అపోహ: అడాప్టర్ డబ్బాలో అన్నీ ఉంటాయి.

డిస్‌ప్లేపోర్ట్ వైరు ఉండదు. 1.4 రకం చూసి విడిగా కొనాలి. బొమ్మ మధ్యలో నల్లబడుతుంటే గ్రాఫిక్స్ కార్డును అనుమానించే ముందు ఈ వైరు మార్చి చూడండి.

అడాప్టర్‌లో బ్లూటూత్ కూడా లేదు. కంట్రోలర్లు పీసీ బ్లూటూత్‌కే కలుస్తాయి, కనీసం 4.0 కావాలి. నన్నడిగితే ఎక్కువ తిప్పలు ఇక్కడే. గేమ్‌లో చేతులు వణుకుతున్నాయని, ఎటో కొట్టుకుపోతున్నాయని కంట్రోలర్లు పాడైనట్టే టెన్షన్ పడతారు. ముందు క్యాబినెట్ వెనక వైఫై యాంటెన్నాలు (బ్లూటూత్‌కూ అవే) బిగించి ఉన్నాయో లేదో చూడండి. యూఎస్‌బీకి పెట్టే బ్లూటూత్ డాంగిల్ వాడుతుంటే యూఎస్‌బీ 3 పోర్టుల పక్కన పెట్టొద్దు. ఆ పోర్టుల నుంచి వచ్చే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను దెబ్బతీస్తుంది, బ్లూటూత్ నడిచేదీ అక్కడే. చిన్న ఎక్స్‌టెన్షన్ వైరు వేసి డాంగిల్‌ను మీకు ఎదురుగా, టేబుల్ మీదికి తెచ్చుకోండి.

అపోహ: "లక్షన్నర ల్యాప్‌టాప్ అన్నా, ఇంకేం కావాలె?"

ధర కాదు, పోర్ట్ చూడాలి. చాలా ల్యాప్‌టాప్‌లకు హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉంటుంది. దాన్ని డిస్‌ప్లేపోర్ట్‌గా మార్చే కన్వర్టర్లను నమ్ముకుని డబ్బు పోగొట్టుకోకండి. మినీ డిస్‌ప్లేపోర్ట్ గానీ, డిస్‌ప్లేపోర్ట్ వచ్చే టైప్-సీ గానీ ఉంటే తగిన వైరుతో ప్రయత్నించవచ్చు. అప్పుడు కూడా ఆ పోర్ట్ ఎన్విడియా లేదా ఏఎండీ కార్డుకే నేరుగా కలిసి ఉండాలి. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు కలిసి ఉంటే లాభం లేదు. ఎన్విడియా అయితే ఆ పోర్ట్‌కు మామూలు మానిటర్ తగిలించి, కంట్రోల్ ప్యానెల్‌లో ఫిజ్‌ఎక్స్ పేజీ తెరవండి. మానిటర్ ఏ కార్డు కింద ఉందో బొమ్మ గీసి చూపిస్తుంది. అడాప్టర్ కొనేముందు ఇది చేయాల్సిందే.

అపోహ: జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు చాలని సోనీయే చెప్పింది.

అది కనీసం. ఆర్‌టీఎక్స్ 3060 లేదా ఆపైది ఉంటే మంచిదని కూడా చెప్పింది. ఒక్కో కంటికి 2000×2040 పిక్సెళ్లు, సెకనుకు 90 లేదా 120 సార్లు గీయాలి. కార్డు వెనకబడితే బొమ్మ తడబడి తల తిరుగుతుంది. 3060 కంటే తక్కువ కార్డు ఉన్నవాళ్లకు ముందు కార్డు మార్చుకోమనే చెబుతాను.

అపోహ: పీఎస్5 మీద ఉన్నవన్నీ పీసీలోనూ ఉంటాయి.

హెచ్‌డీఆర్ (వెలుగు నీడల తేడా ఎక్కువగా చూపే పద్ధతి), కంటిచూపు ట్రాకింగ్, హెడ్‌సెట్ వైబ్రేషన్, కంట్రోలర్లలో బిగుసుకునే ట్రిగ్గర్లు సోనీ పీసీ యాప్‌తో పీసీలో రావు. పీఎస్5లో కొన్న గేమ్‌లు కూడా ఇక్కడ నడవవు, స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో పీసీ వీఆర్ గేమ్‌లు కొనుక్కోవాలి. అయితే హెడ్‌సెట్‌లోని ఓఎల్ఈడీ తెర పూర్తిగా దక్కుతుంది. నలుపు నిజంగా నలుపులాగే కనిపిస్తుంది. నాకైతే ఆ ఒక్కదానికే ఈ శ్రమంతా పడొచ్చనిపిస్తుంది.

అపోహ: పీఎస్5 లేకుంటే హెడ్‌సెట్ అప్‌డేట్ కాదు.

స్టీమ్‌లో ఉచితంగా దొరికే ప్లేస్టేషన్ వీఆర్2 యాప్‌తోనే అవుతుంది.

అపోహ: 2016 నాటి పాత పీఎస్ వీఆర్ సెకండ్ హ్యాండ్‌లో చవక, అదీ ఇలాగే కలుస్తుంది.

దానికి సోనీ పీసీ అడాప్టర్ లేదు. ఐవ్రీ లాంటి బయటివాళ్ల డ్రైవర్లతో నడపాలి. తల తిప్పడం తెలుస్తుంది గానీ, ముందుకు వంగినా పక్కకు జరిగినా పీసీకి తెలియాలంటే హెడ్‌సెట్ మీది లైట్లను చూసే కెమెరా విడిగా అమర్చాలి. విడిభాగాలతో ప్రయోగాలు ఇష్టమైతే సరే, గేమ్ ఆడుకోవడానికే అయితే కొనకండి.