పెద్ద సంఖ్య ప్రధాన సంఖ్య అవునా, కాదా: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో పోటీ పరీక్షల అభ్యర్థులకు అంకగణితం బోధించే నాకు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకే అపోహ ఎదురవుతుంది.

అపోహ: ఒక సంఖ్యను 6తో భాగించగా శేషం 1 గాని 5 గాని వస్తే అది ప్రధాన సంఖ్యే.

వాస్తవం: 3 కంటే పెద్దదైన ప్రతి ప్రధాన సంఖ్యకూ శేషం 1 లేదా 5 వస్తుందన్నది నిజమే గాని, దాని విపర్యయం నిజం కాదు. 25కు శేషం 1, 35కు 5. రెండూ సంయుక్త సంఖ్యలే. చిన్న సంఖ్యల దగ్గర ఎవరూ మోసపోరు. ఐదంకెల సంఖ్య కనబడగానే మాత్రం వాట్సాప్‌లో తిరిగే ఈ అడ్డదారినే పట్టుకుని, వచ్చే మార్కు పోగొట్టుకోవడమే కాక నెగెటివ్ మార్కు కూడా తెచ్చుకుంటారు. ఎవరు పుట్టించారో తెలియని ఇలాంటి సూత్రాలను దయచేసి పంచకండి.

నర్సంపేట నుంచి బస్సులో వచ్చి చదువుకునే ఒక అమ్మాయి 10403ను ఆ సూత్రానికి వదిలేయకుండా, 2 నుంచి 97 వరకు ఉన్న 25 ప్రధాన సంఖ్యలతోనూ ఓపికగా భాగించి, ఏదీ నిశ్శేషంగా పోకపోవడంతో ప్రధాన సంఖ్య అని రాసింది. ఒక్క భాగహారమూ తప్పలేదు. వందలోపు పట్టిక కంఠస్థం కాబట్టి అక్కడ ఆగింది, అంతే. సంఖ్య వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించి చూడాలి. 10403 వర్గమూలం 101 దాటుతుంది కనుక 101తోనూ చూడాలి. చూస్తే 101 × 103 అని తేలిపోతుంది. 10404 అంటే 102 వర్గం, అందులోంచి 1 తీస్తే 10403, అంటే (102 - 1) × (102 + 1) అని గమనించినవారికి భాగహారమే అక్కరలేదు. పెద్ద సంఖ్యను చూసి బెదిరే పిల్లలను నేనెన్నడూ తప్పుపట్టను. ఫెర్మా అంతటి గణితవేత్తే 4294967297ను ప్రధాన సంఖ్య అనుకున్నాడు. 641 దాన్ని నిశ్శేషంగా భాగిస్తుందని 1732లో మరో గణితవేత్త ఆయిలర్ చూపాడు.

వరుసను చూసి నమ్మడమూ ఇలాంటిదే. 31, 331, 3331 అంటూ 33333331 దాకా ఏడూ ప్రధాన సంఖ్యలే, కాని ఆ తర్వాతి 333333331 మాత్రం 17 × 19607843.

పెద్ద సంఖ్యకు కారణాంకాలు ఎక్కువ ఉంటాయన్నదీ అపోహే: 720720కి 240 ఉండగా, 2147483647కి రెండే. ఇక చివరి ప్రధాన సంఖ్య దొరికిందన్న పుకారు. 2024 అక్టోబరులో ప్రకటించిన సంఖ్యలో 4,10,24,320 అంకెలున్న మాట నిజమే. అది అప్పటికి తెలిసినవాటిలో పెద్దది మాత్రమే. ప్రధాన సంఖ్యలకు అంతం లేదని యూక్లిడ్ రెండు వేల ఏళ్ల కిందటే నిరూపించాడు.