కేర్ లిస్ట్ పోయిందని ఏడుస్తున్నాం సరే, అసలు కథ 2010లో మొదలైంది

స్కాలర్ల గ్రూపుల్లో కేర్ లిస్ట్ గొడవ మళ్ళీ రాజుకుంది. తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. కేర్ లిస్ట్ అంటే యూనివర్సిటీల బాగోగులు చూసే కేంద్ర సంస్థ యూజీసీ ఒప్పుకున్న రీసెర్చ్ జర్నళ్ళ పట్టిక. యూజీసీ 2024 అక్టోబర్ 3 మీటింగ్‌లో నిర్ణయం తీసుకుని 2025 ఫిబ్రవరిలో నోటీసు పెట్టింది, ఏ జర్నల్ మంచిదో ఏది కాదో ఇక మేం లిస్ట్ ఇవ్వం, కొన్ని ప్రమాణాలు సూచిస్తాం, వాటిని పట్టుకుని మీ యూనివర్సిటీలే చూసుకోండి అని. దొంగ జర్నల్ అంటే ఏంటి, డబ్బు కట్టించుకుని పేపర్లు ఎలా వేస్తారు అన్నది అందరికీ తెలిసిన భాగోతమే, అక్కడ ఆగను. అలాంటి జర్నళ్ళు నడిపే మన హైదరాబాద్ కంపెనీ ఒమిక్స్ మీద 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లు దాటిన తీర్పు ఇచ్చినప్పుడు వార్తాపత్రికలన్నీ రాశాయి, అదీ పాత ముచ్చటే. నా లెక్కలో ఆ కంపెనీలు ఈ కథలో దుకాణదారులు మాత్రమే, గిరాకీని తయారు చేసింది వేరేవాళ్ళు.

2010 జూన్ 30న యూజీసీ కొత్త రెగ్యులేషన్స్ తెచ్చింది. ఏపీఐ స్కోర్ అనే మాట లెక్చరర్ల నోళ్ళలో పడింది అప్పుడే. ప్రమోషన్ కావాలంటే పాయింట్లు చూపించాలి. రెఫరీడ్ జర్నల్‌లో, అంటే ఆ సబ్జెక్టు తెలిసినవాళ్ళు చదివి సరే అన్నాకే అచ్చేసే పత్రికలో, పేపర్ వేస్తే 15, రెఫరీలు లేకపోయినా పేరున్న పత్రికై ఐఎస్‌ఎస్‌ఎన్ నంబర్ ఉంటే 10, కాన్ఫరెన్స్ ప్రొసీడింగ్స్‌లో పూర్తి పేపర్ వస్తే 10, ఇంపాక్ట్ ఫాక్టర్ (ఆ జర్నల్ పేపర్లని మిగతావాళ్ళు సగటున ఎంత ఉటంకిస్తున్నారన్న లెక్క) ఉంటే పైన ఇంకొన్ని. కలిసి రాస్తే పంచుకోవాలి. "పేరున్న" అన్న మాటని ఎవరు కొలుస్తారు, నంబర్ అయితే కవర్ మీద కనపడుతుంది కాబట్టి ప్రాక్టీస్‌లో నంబరే మిగిలింది. ఐఎస్‌ఎస్‌ఎన్ అనేది బండికి నంబర్ ప్లేట్ లాంటిది, ఏ బండో చెప్తుంది గానీ తోలేవాడికి డ్రైవింగ్ వచ్చో రాదో చెప్పదు, పైగా మన దేశంలో ఢిల్లీలో అప్లై చేసుకుంటే ఫ్రీగా ఇస్తారు. ఇంపాక్ట్ ఫాక్టర్ సంగతీ అంతే, అసలుది అందనివాళ్ళ కోసం ఆ పేరుకి ముందు ఏదో ఒక పదం తగిలించిన ఉత్తుత్తి ఫాక్టర్లు బోలెడు పుట్టుకొచ్చాయి.

దీనికి ఏడాది ముందే, 2009లో, పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చే ముందు ఒక పేపరైనా రెఫరీడ్ జర్నల్‌లో రావాలని రూల్ పెట్టారు. అంటే ప్రమోషన్ కోసం లెక్చరర్లు, థీసిస్ కోసం స్కాలర్లు, ఒకేసారి ఒకే క్యూలోకి వచ్చారు. వారానికి 16 గంటలు క్లాసులు, పైన ఇన్విజిలేషన్, కాలేజీలకి గ్రేడ్లిచ్చే నాక్ వాళ్ళకి చూపించే ఫైళ్ళు, అడ్మిషన్ల డ్యూటీ, కాలేజీ లైబ్రరీలో పాత మ్యాగజైన్లు తప్ప ఏమీ లేవు, ఈ పరిస్థితిలో ఉన్న డిగ్రీ కాలేజీ లెక్చరర్‌ని పట్టుకుని పేపర్లు వెయ్యి అంటే ఆయన ఏం చేస్తాడు. ఎవరో ఒకరు వాట్సాప్‌లో లింక్ పంపుతారు, అక్కడ వేయించుకుంటాడు. (వేయించుకోవడం అనే మాటే చూడండి, రాయడం అనరు.)

నాకు తెలిసిన ఒకాయన ప్రమోషన్ ఫైల్ సర్దుతుంటే అలాంటి జర్నల్ ఒక సంచిక చేతికొచ్చింది. పేరులో ఇంటర్నేషనల్ ఉంది, మల్టీడిసిప్లినరీ ఉంది. విషయసూచిక తీస్తే మొదటి పేపర్ తెలుగు పదాలకి కంప్యూటర్‌తో వ్యాకరణ గుర్తులు వేయించడం గురించి, రెండోది పత్తి తీసే కూలీల వలస గురించి, దాని వెనక జీఎస్టీ, ఆ వెనక ఒక కవి స్త్రీవాద దృక్పథం, ఆఖర్న యోగా. ఒక్కోటి నాలుగు పేజీలు. ఎడిటర్ ఒకడే. ఈ అయిదూ చదివి బాగోగులు చెప్పగల మహానుభావుడు ఎవరా అని లోపల వెతికితే మెయిల్ ఐడీ ఒకటి ఉంది, అంతే. సర్టిఫికెట్ మాత్రం రంగుల్లో, లామినేషన్ చేసి, ఫైల్‌లో ముందు పెట్టారు.

ఆ మొదటి రెండు సబ్జెక్టులే తీసుకోండి, నిజంగా చేస్తే ఎలా ఉంటాయో. "వెళ్ళిపోతాడనుకోలేదు" అని మనం ఒక్క మాటగా రాసేస్తాం. అందులో వెళ్ళడం ఉంది, వెళ్ళేది ఒక్క మగమనిషి అన్న సంగతి ఉంది, అనుకోవడం ఉంది, ఆ అనుకోవడం జరగలేదన్న సంగతీ ఉంది. ఇలాంటివి వేల వాక్యాలు ముందేసుకుని, ఎక్కడ విరగాలో మనుషులు కూర్చుని గుర్తులు పెడితే తప్ప మెషీన్‌కి నేర్పడానికి సరుకు ఉండదు. అంత చేశాక ఆ రంగంవాళ్ళు పేపర్ పంపేది ఏసీఎల్ (కంప్యూటర్‌కి భాష నేర్పే రంగంలో పెద్ద కాన్ఫరెన్స్) లాంటి కాన్ఫరెన్సులకి, అక్కడ సీటు దొరకడం చాలా జర్నళ్ళ కంటే కష్టం, 2010 టేబుల్‌లో దానికి మూలమార్కు 10. నంబర్ ప్లేట్ పత్రికకీ అదే 10.

కూలీల సంగతి ఇంకా ఘోరం. ఏడాదిలో ఎన్ని రోజులు పని దొరికిందమ్మా అని అడిగితే ఎవరూ చెప్పలేరు, ఎవరు మాత్రం రాసి పెట్టుకుంటారు. నాట్లకి ఎన్ని రోజులు, కలుపుకి ఎన్ని, కోతకి ఎన్ని, రోజుకూలీకా గుత్తకా, గుత్త అయితే ఎంతమంది పంచుకున్నారు, ఇలా పంట పంటకీ పని పనికీ విడివిడిగా అడిగి కూడాలి. ఫౌండేషన్ ఫర్ అగ్రేరియన్ స్టడీస్ వాళ్ళు 2006 ప్రాంతంలో అనంతవరం, బుక్కచెర్ల, కొత్తపల్లె అని గుంటూరు, అనంతపురం, కరీంనగర్ జిల్లాల్లో ఒక్కో ఊరు తీసుకుని ఇంటింటికీ తిరిగి సర్వే చేశారు, పుస్తకం 2010లో వచ్చింది. మూడు ఊళ్ళు, నాలుగేళ్ళు, బోలెడంత మంది. ఆ టైములో మా ఫైల్ ఆయన లాంటివాళ్ళు ఎన్ని నాలుగు పేజీలు వేయించుకోవచ్చో మీరే లెక్కేసుకోండి.

తర్వాత జరిగిందంతా ఈ 15కీ 10కీ పుట్టిన సంతానమే, గబగబా చెప్పేస్తా. దుకాణాలు ఎక్కువైపోయాయని యూజీసీ 2017 జనవరిలో తనే ఆమోదించిన జర్నళ్ళ లిస్ట్ పెట్టింది, అందులో 38,653 ఉన్నాయి. జర్నళ్ళని ఎంచి చేర్చుకునే స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ డేటాబేస్‌లలోని పేర్లతో పాటు యూనివర్సిటీలు మా జర్నల్ అంటే మా జర్నల్ అని పంపినవి కూడా తర్వాత ఎక్కాయి. ఇవాళ "యూనివర్సిటీలే చూసుకుంటాయి" అంటున్నవాళ్ళు ఇక్కడ కాస్త నిదానించాలి. భూషణ్ పట్వర్ధన్ అనే ప్రొఫెసర్ వాళ్ళ బృందం ఆ యూనివర్సిటీలు పంపిన వాటిలోంచి 1,336 తీసి, స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్‌లో ఉన్న 327 పక్కన పెట్టి, మిగతా 1,009 జల్లెడ పట్టారు. 34.5 శాతానికి అడ్రస్, వెబ్‌సైట్, ఎడిటర్ల పేర్లు లాంటి కనీస వివరాలే సరిగ్గా లేవు. ఇంకో 52.3 శాతం తప్పుడు ఐఎస్‌ఎస్‌ఎన్, ఉత్తుత్తి ఇంపాక్ట్ ఫాక్టర్ బాపతు. మిగతా చిన్నాచితకా కలిపి మొత్తమ్మీద 88 శాతం పైగా నాసిరకం కావచ్చని 2018 మార్చిలో కరెంట్ సైన్స్ పత్రికలో రాశారు. ఆ మేలోనే యూజీసీ 4,305 పేర్లు పీకేసింది. 2019లో కేర్ లిస్ట్ వచ్చింది, పని చూసింది పుణె యూనివర్సిటీ.

యూజీసీ వాదన ఏంటంటే, ఇదంతా ఒకే చోట బిగుసుకుపోయింది, జర్నళ్ళని చేర్చడం తీసెయ్యడం ఆలస్యమవుతోంది, భారతీయ భాషల పత్రికలకి అన్యాయం జరుగుతోంది అని. ఆఖరిది కాదనలేం, తెలుగులో పీహెచ్‌డీ చేసేవాళ్ళకి కేర్‌లో ఉన్న తెలుగు పత్రికలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని, అందరూ వాటి గుమ్మం ముందే నిలబడాలి.

కానీ మా గ్రూపులో ఒక తెలుగు స్కాలర్ అడిగిన మాటకి నోటీసులో జవాబు లేదు. "సార్, నేను రెండేళ్ళ కింద కేర్‌లో ఉందని చూసి పేపర్ వేశాను, రేపు ఇంటర్వ్యూలో కమిటీ వేరే లెక్క చెప్తే ఎవరిని అడగాలి?" లిస్ట్ ఎంత పాడైనా ఆమెకి స్క్రీన్‌షాట్ అనే ఒక కాగితం ముక్క ఉండేది. ఇప్పుడు కమిటీలో ఎవరు కూర్చుంటే వాళ్ళ మాట. 2022 నవంబర్‌లో పీహెచ్‌డీకి పేపర్ తప్పనిసరి కాదని యూజీసీయే రూల్ మార్చింది కదా అంటారు, మార్చింది, చాలా యూనివర్సిటీలు అడగడం మానలేదు, ఉద్యోగాల దగ్గర పాయింట్లూ పోలేదు. 2018లో ఏపీఐ పేరు పోయి రీసెర్చ్ స్కోర్ అని వచ్చింది, కూడికలు మాత్రం అలాగే ఉన్నాయి.

నోటీసు వచ్చిన కొన్నాళ్ళకి నాకూ ఒక మెయిల్ వచ్చింది. అంతకుముందు ఇదే జర్నల్‌వాళ్ళు పైన ఎర్రక్షరాల్లో "యూజీసీ కేర్" అని వేసేవాళ్ళు. ఇప్పుడు ఆ జాగాలో "యూజీసీ కొత్త ప్రమాణాల ప్రకారం" అని ఉంది. పేపర్ ఇవాళ పంపితే రెండు రోజుల్లో యాక్సెప్టెన్స్, సర్టిఫికెట్ సాఫ్ట్ కాపీ ఫ్రీ. ఫీజు పాతదే, పెంచలేదు.